మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి విద్యాభ్యాసము

తెలుగువారి యింటిపేర్లలో ఊరిపేర్లు అనేకము. పూర్వులు ఏ యూరినుండి కదలివచ్చిరో ఆ యూరిపేరు తరతరములుగ సంతానమును వెన్నంటి వచ్చును. ఊరు మరచినను పేరు మరవరు. మైసూరు సీమలో పుట్టి, బొంబాయి రాజధానిలో పేరుగాంచి, భారతదేశమున కంతకును పూజ్యులైన సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి యింటిపేరు అట్టిదే. మోక్షగుండము నల్లమల కొండల చేరువ, గిద్దలూరు ప్రాంతమున నున్న యొక చిన్న గ్రామము. ఆ ప్రాంతము 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండి, పిదప క్రొత్తగా నేర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినది. విశ్వేశ్వరయ్యగారు పుట్టుటకు దాదాపు మూడువందల యేండ్లకు పూర్వమే వారి పెద్దలు ఆ యూరు విడిచి మైసూరు సీమకు వలసపోయిరి. మూడు శతాబ్దములు గడచినను యింటిపేరు మారలేదు. ఇంటిలోని తెలుగు మాటయు మాయలేదు.

విశ్వేశ్వరయ్యగారు కట్టిన ఆనకట్టలను గూర్చి, వారి దివానుగిరీని గూర్చి పెద్దలు మనకు చెప్పుచునే యుందురు. కాని ఆ మహనీయుడు మనవలెనే పలకా పుస్తకములు చేతబట్టి బడికి పోయిన బాలుడే కదా! తండ్రి లేని ఆ బాలుడు పల్లెటూరినుండి బయలుదేరి, ఇంజనీరింగు విద్యలో మొదటి స్థానమును పొందువరకు నడచిన దారి యెట్టిది? ఆ దారిలో నెవరెవరు చేయూత నిచ్చిరి? ఆ చేయూతను వారు తరువాత నెట్లు తీర్చుకొనిరి? ఈ విషయములను తెలిసికొనుట మనకు మిక్కిలి అవసరము.

మైసూరు సంస్థానమున చిక్కబళ్ళాపురమునకు సమీపమున ముద్దేనహళ్ళి యను పల్లె కలదు. దానికి చేరువనే నందికొండలు నిలిచియున్నవి. పెన్నానది ఆ కొండల ప్రాంతముననే పుట్టి, అనంతపురము, కడప, నెల్లూరు సీమల గుండ పారి బంగాళాఖాతమున కలియును. కన్నడము రాజ్యభాషగా నున్న ఆ ప్రాంతమున తెలుగు మాటలాడు కుటుంబములు నాడును పెక్కులు, నేడును పెక్కులే. ఆ ముద్దేనహళ్ళిలో 1861 సెప్టెంబరు 15వ తేదీన విశ్వేశ్వరయ్యగారు జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, ఆయుర్వేదము నెరిగినవారు. తల్లి వేంకటలక్ష్మమ్మగారు. ఇంటిలో విద్యకు లోటు లేదు, ధనమునకే లోటు.

బాలుడైన విశ్వేశ్వరయ్య ప్రాథమిక విద్య చిక్కబళ్ళాపురమున జరిగెను. నాటి మైసూరు బడులలో కన్నడము నేర్పెడివారు. పై తరగతులకు పోవువారు ఇంగ్లీషు నేర్వవలసియుండెను. ఇంట తెలుగు, వీథిలో కన్నడము, తండ్రి నోట సంస్కృతము, ముందు చదువునకు ఇంగ్లీషు. ఇన్ని భాషల నడుమ ఆ బాలుడు పెరిగెను. ఒక భాష నేర్చినచో మరియొకటి చెడునని కొందరు భయపడుదురు. ఆ బాలుని విషయమున అట్టి దేమియు జరుగలేదు.

ఇంకను బడిలో చదువుచుండగనే విశ్వేశ్వరయ్యకు పితృవియోగము సంభవించెను. సంపాదించు పురుషుడు పోయిన యింట పిల్లల చదువు మొట్టమొదట నిలిచిపోవుట లోకమున సర్వసాధారణము. శ్రాద్ధకర్మలు చేయించుచునో, పంచాంగము చెప్పుచునో, ఏ కచ్చేరీలోనో గుమాస్తాగా చేరియో కుటుంబమును పోషింపవలెనని బంధువులు సలహా నిచ్చుటయు సర్వసాధారణమే. వేంకటలక్ష్మమ్మగారు మాత్రము కుమారుని చదువు మాన్పింపలేదు. ఆమె సోదరుడు రామయ్యగారు మైసూరు ప్రభుత్వమున కొలువు చేయుచు బెంగుళూరున నుండెడివారు. ఆ మేనమామగారి యండన బాలుడు బెంగుళూరు చేరెను. చదువుకొనని తల్లులు చదివించిన కుమారుల కథలు మన దేశమున నెన్నియో కలవు. వారి పేర్లు పట్టపత్రములపై నుండవు. కాని వారు వద్దన్ననాడు ఆ పట్టములే లేవు.

బెంగుళూరున మొదట వెస్లియన్ మిషన్ ఉన్నత పాఠశాలలోను, పిదప సెంట్రల్ కళాశాలలోను విశ్వేశ్వరయ్య చదివెను. సెంట్రల్ కళాశాల 1858లో ఉన్నత పాఠశాలగా ఆరంభమై, 1875లో ఆ క్రొత్త పేరును పొందినది. ఇంచుమించు అప్పుడే విశ్వేశ్వరయ్య అందు ప్రవేశించెను. వయస్సు పదునాలుగేండ్లు. పట్టణము క్రొత్త. చేతిలో ధనము లేదు.

ఆ రోజులలో పట్టణములకు పోయి చదువుకొను పేద విద్యార్థులకు రెండు మార్గము లుండెడివి. మొదటిది వారములు చేసికొనుట: వారమునందు ఒక్కొక్క దినము ఒక్కొక్క గృహస్థుని యింట భుజించుచు కాలము గడపుట. రెండవది పిల్లలకు పాఠములు చెప్పి పొట్ట పోసికొనుట. విశ్వేశ్వరయ్య రెండవ మార్గమును చేపట్టెను. కొడగు దేశస్థుడును, మైసూరు ప్రభుత్వమున అధికారియునగు ముద్దయ్య అను వారి యింట పిల్లలకు చదువు చెప్పుటకు కుదిరెను. రాత్రులు అచ్చటనే యుండెను. భోజనమునకు మాత్రము మేనమామగారి యింటికి నడచిపోయెడివాడు. తాను చదువవలసినది కొంత, పిల్లలచే చదివింపవలసినది కొంత, నడువవలసిన దారి కొంత. ప్రతిదినమును ఇట్లే గడచెను. గడియారము ననుసరించి దినమును భాగించుకొను అలవాటు విశ్వేశ్వరయ్యగారి జీవితమున తుదివరకు నుండెనని అందరు నెరుగుదురు. రెండిండ్ల నడుమ పాఠము చెప్పుచు, పాఠము చదువుచు గడపిన బాలునకు కాలము విలువ వేరొకరు చెప్పవలసిన పనియే లేదు.

సెంట్రల్ కళాశాలకు నాడు చార్లెస్ వాటర్స్ అను ఆంగ్లేయుడు ప్రధానాధ్యాపకుడు. గణితమునందు ఈ శిష్యునకు గల చురుకుదనమును ఆయన గుర్తించెను. తాను వాడుకొనుచుండిన వెబ్‌స్టరు నిఘంటువును విశ్వేశ్వరయ్యకు బహుమానముగ నిచ్చెను. నాటి కాలమున పెద్ద నిఘంటువు పేదవిద్యార్థి కొనగల వస్తువు కాదు. ఆ గురువు స్వదేశమునకు మరలిపోయిన పిదపకూడ శిష్యుని మరువలేదు. మరణించుటకు ముందు వ్రాసిన వీలునామాలో తన బంగారు చేతిబొత్తాములు విశ్వేశ్వరయ్యగారికి చెందవలెనని వ్రాసెను. అవి తరువాత వారికి ముట్టినవి. గురుశిష్యులకు జాతి వేరు, మతము వేరు, దేశము వేరు. పాఠమే వారిని కలిపినది.

1881లో విశ్వేశ్వరయ్య బి.ఏ. పరీక్షలో ప్రశస్తముగ నుత్తీర్ణుడయ్యెను. అప్పటికి మైసూరు సంస్థానమునకు సొంత విశ్వవిద్యాలయము లేదు. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయమే ఆ సీమలోని విద్యార్థులకును పరీక్షలు జరుపుచుండెను. బెంగుళూరున చదివినవారికి మద్రాసు పట్టము నిచ్చెడిది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని కలదు.

ఇచ్చట ఆ యువకుని ముందు రెండు దారులు నిలిచినవి. నాడు బి.ఏ. పట్టము గలవారు బహు స్వల్పము. ఆ పట్టముతో ఏదియో యొక ఉద్యోగము దొరకుట కష్టము కాదు. తల్లికి ఆసరా కావలెను. మేనమామగారి భారము తగ్గవలెను. ఇరువదేండ్ల వయస్సున నెలజీతము కనులయెదుట నున్నప్పుడు, మరికొన్నియేండ్లు విద్యార్థిగానే యుందునని నిశ్చయించుకొనుట సామాన్యమైన పని కాదు. విశ్వేశ్వరయ్య మనస్సు ఇంజనీరింగు విద్యపై నిలిచెను. ఆ విద్యను నేర్పు కళాశాల మైసూరు సంస్థానమున నెచ్చటను లేదు. పరరాష్ట్రమునకు పోవలెను. పోవుటకు, ఉండుటకు, పుస్తకములకు ధనము కావలెను.

కాలము కొంత అనుకూలించెను. ఏబదియేండ్లు ఆంగ్లేయుల పాలనలో నుండిన మైసూరు రాజ్యము 1881 మార్చి 25వ తేదీన మరల మహారాజు చేతికి వచ్చెను. చామరాజేంద్ర ఒడయరు సింహాసన మధిష్ఠించిరి, రంగాచార్లుగారు దివానైరి. క్రొత్త ప్రభుత్వమునకు చదివిన యువకుల అవసరము గలదు. ప్రతిభగల విద్యార్థులను పైచదువులకు పంపుట ప్రభుత్వ ధర్మమని భావించు పాలకు లుండిరి. రంగాచార్లుగారి ప్రాపున విశ్వేశ్వరయ్యకు మైసూరు ప్రభుత్వ విద్యార్థివేతనము లభించెను. ఆ వేతనముతో పూనా సైన్సు కళాశాలలో చేరెను.

ఆ కళాశాల 1854లో ఇంజనీరింగు తరగతిగా, యంత్రవిద్యా పాఠశాలగా ఆరంభమైనది. మరమ్మతుశాఖలో పనిచేయు చిన్న యుద్యోగులకు శిక్షణ నిచ్చుటకై పుట్టిన తరగతి క్రమముగ పెరిగి, బొంబాయి విశ్వవిద్యాలయమునకు చెందిన గొప్ప కళాశాల యైనది. సివిలు ఇంజనీరింగు విద్య యనగా పుస్తకము వల్లించుట కాదు. భూమిని కొలువవలెను, కొలిచినదానిని పటముగ గీయవలెను, రాయి, ఇటుక, సున్నము, ఇనుము ఎంత బరువు మోయునో లెక్క కట్టవలెను, కాలువలో నీరు ఏ వాలున ఎంత వేగముగ పారునో తెలిసికొనవలెను. లెక్క తప్పినచో కాగితముపై ఎఱ్ఱగీత పడుటతో పోదు. వంతెన కూలును, చెఱువు తెగును. గణితమున ఆసక్తిగల విశ్వేశ్వరయ్యకు ఈ విద్య మిక్కిలి నచ్చెను.

పూనా నగరమున వీథులలో వినవచ్చునది మరాఠీ. కళాశాలలో ఇంగ్లీషు. తెలుగింట పుట్టి కన్నడసీమలో పెరిగిన యువకునకు ఇది మరియొక క్రొత్త దేశము. వేతనము మితమైనది, పరీక్ష తప్పినచో అది నిలిచిపోవచ్చును, నిలిచిన దినమున మరలి పోవలసినదే. ఇట్టి స్థితిలో చదువు విలాసము కాదు, వ్రతము. 1883లో జరిగిన ఎల్.సి.ఇ., ఎఫ్.సి.ఇ. అను ఇంజనీరింగు పరీక్షలలో విశ్వేశ్వరయ్య బొంబాయి రాజధానిలో ప్రథమ స్థానము నందెను. జేమ్స్ బర్క్లీ బహుమానమును గెలుచుకొనెను. బొంబాయినుండి కొండలమీదుగ దక్కనునకు రైలుమార్గము వేయుటలో ప్రధాన ఇంజనీరుగా పనిచేసిన మహాశిల్పి పేర ఆ బహుమానము నెలకొల్పిరి. కొండను త్రవ్వి దారి తీసినవాని పేరుగల బహుమానము, విద్యకై ఇన్ని కొండలు దాటివచ్చిన యువకుని చేతికి చేరినది.

ప్రథమస్థానము పొందినవానికి బొంబాయి ప్రభుత్వము ఉద్యోగమును నిశ్చయముగ నిచ్చు ఆచార ముండెను. 1884లో విశ్వేశ్వరయ్యగారు బొంబాయి మరమ్మతుశాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసికులో చేరిరి. ఈ విధముగ చదువునకు వేతనమిచ్చినది మైసూరు ప్రభుత్వము; కొలువు నిచ్చినది బొంబాయి ప్రభుత్వము. మైసూరు ప్రజల సొమ్ముతో నేర్చిన విద్య ఇరువదినాలుగేండ్లు పరరాష్ట్రమున వినియోగపడెను. ఆ ఋణము తీరుటకు కొంత కాలము పట్టినది.

పట్టముతో విద్యాభ్యాసము ముగియలేదు. ఖాందేశ్ జిల్లాలో పాంజ్రా నది ప్రవాహమును దాటించి నీటిని కొనిపోవుటకు గొట్టముల తూమును నిర్మింపవలసిన పని ఆ యువకునకు తొలుతనే అప్పగింపబడెను. వర్షకాలమున ఆ పని చేయుట కష్టమనియు, వానలు వెలిసిన పిదప చేయుట మేలనియు వారు పైయధికారికి తెలిపిరి. పైయధికారి అందులకు సమ్మతింపక, ఆజ్ఞను పాలింపవలెనని సూచించెను. విశ్వేశ్వరయ్యగారు మరల వాదింపలేదు. వరదలు, ఇసుక మేటలు అడ్డుపడినను ఆ పనిని పూర్తిచేసిరి. పుస్తకములలో నది ఒక గీత. వానకాలమున నది వేరు. ఈ భేదమును నేర్పు కళాశాల ప్రపంచమున నెచ్చటను లేదు.

తరువాతి సంగతులు లోకవిదితములు. సింధు దేశమున సుక్కూరు పట్టణమునకు 1894–95లో వారు నీటివసతి కల్పించిరి. సింధునది నీరు బురదతో కూడినది. నది ప్రక్కను పడకయందు బావి త్రవ్వించి, ఇసుకయే వడపోతగుడ్డవలె పనిచేయునట్లు చేసి తేటనీటిని రాబట్టిరి. పూనా సమీపమున ఖడక్‌వాస్లా జలాశయమునకు 1903లో తమంతట తామే తెరచికొని మూసికొను తలుపుల నమర్చిరి. వరద పెరిగినప్పుడు తలుపులు తెరచికొని మిగులునీటిని వదలును. వరద తగ్గినప్పుడు మూసికొని నీటిని నిలుపును. కట్ట ఎత్తు పెంచకయే జలాశయమున అధికజలము నిలువ చేయుటకు ఇది మార్గమైనది.

తెలుగుదేశముతో వారి సంబంధము 1908లో క్రొత్తగా నేర్పడెను. ఆ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనదికి వచ్చిన వరద హైదరాబాదు నగరమును ముంచివైచెను. వేలకొలది ప్రజలు మృతినొందిరి. అప్పటికి విశ్వేశ్వరయ్యగారు బొంబాయి కొలువునుండి విరమించుకొని ఐరోపా దేశములు సంచరించుచుండిరి. నిజాము ప్రభుత్వము పిలువగా 1909లో హైదరాబాదునకు వచ్చి, వానల లెక్కలు, చెఱువుల తీరు, నది లోతు పరిశీలించి నివేదిక నిచ్చిరి. నగరమునకు ఎగువన వరదనీటిని నిలుపు జలాశయములు కట్టవలెనని అందలి ముఖ్యాంశము. ఆ సూచనల ననుసరించి మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని యుపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియైనవి. మోక్షగుండము నుండి వెడలిన వంశపు విద్య మూడు శతాబ్దములకు పిమ్మట తెలుగునేలకు ఈ రూపమున మరలివచ్చినది.

1909లోనే మైసూరు ప్రభుత్వము వారిని చీఫ్ ఇంజనీరుగా ఆహ్వానించెను. కావేరిపై కృష్ణరాజసాగర నిర్మాణము 1911లో ప్రారంభమైనది. 1912లో నాల్వడి కృష్ణరాజ ఒడయరు వారిని దివానుగా నియమించిరి. ముప్పదియేండ్ల క్రిందట దివాను రంగాచార్లుగారి చలువవలన విద్యార్థివేతనము పొందిన బాలుడు ఇప్పుడు ఆ దివాను పీఠమునందే కూర్చుండెను. తాను పొందిన సాయము ఇతరులకు లభించునట్లు చేయు అధికారము చేతికి వచ్చినది. వారేమి చేసిరి?

ప్రాథమికవిద్యను గూర్చి 1913లో మైసూరు ప్రభుత్వము శాసనము చేసి, ఎంపికచేసిన ప్రదేశములలో నిర్బంధవిద్యను ప్రవేశపెట్టెను. ఆరేండ్ల దివానుగిరీలో సంస్థానమున బడికి పోవు పిల్లల సంఖ్య రెండింతలకు మించి పెరిగెను. 1916లో మైసూరు విశ్వవిద్యాలయము స్థాపితమైనది. స్వదేశ సంస్థానములలో అట్టి విశ్వవిద్యాలయము అదియే మొదటిది. అంతవరకు మద్రాసు వైపు చూచుచుండిన మైసూరు విద్యార్థులకు సొంతగడ్డపై పట్టము పొందు భాగ్యము కలిగెను. 1917లో బెంగుళూరున ఇంజనీరింగు కళాశాల వెలసినది. 1881లో ఆ విద్యకై యొక పేదయువకుడు పూనాకు పోవలసివచ్చెను. 1917 తరువాత అతనివంటి యువకుడు బెంగుళూరు విడువవలసిన పని లేదు. ఆ కళాశాల పిదప వారి పేరుననే విశ్వేశ్వరయ్య ఇంజనీరింగు కళాశాల యైనది. మైసూరు ప్రభుత్వ మిచ్చిన వేతనమునకు వడ్డీతో సహా ముట్టిన చెల్లింపు ఇది.

భాషావిషయమునను వారి నడవడి మనవంటివారు గమనింపదగినది. 1915లో బెంగుళూరున కన్నడ సాహిత్య పరిషత్తు ఏర్పడుటకు వారు తోడ్పడిరి. ఇంట తెలుగు మాటలాడు కుటుంబమున పుట్టినవారు కన్నడ సాహిత్యాభివృద్ధికి పాటుపడిరి. ఇందు విరోధమేమియు లేదు. కన్నతల్లిని ప్రేమించువాడు పెంచిన తల్లిని ద్వేషింపడు. పుట్టినింటి భాషను నిలుపుకొనుచు, మెట్టిన నేల భాషకు సేవచేయుట పరరాష్ట్రములందలి తెలుగువారికి తరతరముల సంప్రదాయము.

వారి జీవితమున వివాదములు లేకపోలేదు. మైసూరు ప్రభుత్వోద్యోగములలో వెనుకబడిన వర్గములకు స్థానములు కల్పించు విషయమై మహారాజుగారికిని వారికిని అభిప్రాయభేదము కలుగగా, 1918లో దివాను పదవిని వదలుకొనిరి. అర్హతయే కొలబద్ద కావలెనని వారి తలంపు. తరతరములుగ అక్షరమునకు దూరముగ నుండినవారికి ప్రత్యేక సాహాయ్యము లేనిదే అర్హత సంపాదించు అవకాశమే చిక్కదని ఎదిరిపక్షమువారి వాదము. తరువాతి కాలము ఈ రెండవ వాదమునే అంగీకరించినది. విశ్వేశ్వరయ్యగారి బాల్యమును చూచినను ఆ వాదమునందలి న్యాయము మనకు తెలియగలదు. ఆయన పేదవాడే, కాని పండితుడైన తండ్రి, పట్టణమున కొలువుగల మేనమామ ఉండిరి. ఆ పాటి యండయు లేని బాలు రెందరో నాడు పొలములలోనే యుండిపోయిరి. బాలికలకైనచో ఆ తలుపులు దాదాపుగ మూయబడియే యుండెను. మహాపురుషుల గుణములను గ్రహించుటతో పాటు, వారి కాలమునకు గల పరిమితులను తెలిసికొనుటయు చదువులో భాగమే.

విద్యాదానము వారి వృద్ధాప్యమునందును సాగినది. భద్రావతి ఇనుము కర్మాగారమునకై చేసిన సేవకు తమకు రావలసిన పారితోషికమును స్వీకరింపక, చేతిపనులు, యంత్రవిద్యలు నేర్పు సంస్థ నొకదానిని స్థాపించుటకు వినియోగింపగోరిరి. ఆ విధముగ 1943లో బెంగుళూరున జయచామరాజేంద్ర వృత్తివిద్యా సంస్థ వెలసినది. పట్టపరీక్షలవరకు పోలేని పిల్లలకును గౌరవముగ బ్రతుకు మార్గముండవలెనని దాని యుద్దేశము. 1951లో తమ యుద్యోగ జీవితమును గూర్చి గ్రంథము ప్రచురించిరి. 1955లో భారత ప్రభుత్వము వారిని భారతరత్న బిరుదముతో సత్కరించెను. నూరేండ్లు నిండిన పిదప, 1962 ఏప్రిలులో వారు స్వర్గస్థులైరి. వారి సమాధి పుట్టిన ముద్దేనహళ్ళిలోనే యున్నది. వారి జన్మదినమైన సెప్టెంబరు 15వ తేదీని మన దేశమున ఇంజనీర్ల దినోత్సవముగ జరుపుకొనుచున్నారు.

ఇక మన సంగతి ఆలోచింతము. ఆ బాలుడు ముద్దేనహళ్ళినుండి పూనావరకు పోవుటకు ఎన్ని ద్వారములు తెరువబడవలసివచ్చెనో లెక్కింపుడు. తల్లి చదువు మాన్పింపకపోవుట ఒకటి. మేనమామ అన్నము పెట్టుట రెండు. ఒక గృహస్థు తన పిల్లలకు పాఠము చెప్పుకొనుచు బ్రతుకుమని చోటిచ్చుట మూడు. గురువు ప్రతిభను గుర్తించుట నాలుగు. ప్రభుత్వము వేతన మిచ్చుట అయిదు. ఇందులో ఏ యొక్కటి మూసికొన్నను ఆ పయనము మధ్యలోనే నిలిచెడిది. ఈ యైదింటికిని తోడు ఆయన సొంత కృషి. కృషి లేనిచో తెరచిన తలుపులు వ్యర్థములు. తలుపులు తెరువబడనిచో కృషి వ్యర్థము.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. మన ప్రాంతములలో పదవ తరగతి దాటిన పిమ్మట పిల్లలు తెలుగు విడిచి మరియొక భాషలో చదువవలసి వచ్చుచున్నది. ఆ మార్పునకు జంకి కొందరు చదువే మాన్పించుచున్నారు, ముఖ్యముగ బాలికలను. మరికొందరు ఆ భయముచేతనే చిన్నతనమునుండి ఇంటిలో తెలుగును మాన్పించుచున్నారు. ఈ రెండును అనవసరములు. విశ్వేశ్వరయ్యగారు తెలుగింట పుట్టి, కన్నడసీమలో పెరిగి, ఇంగ్లీషున చదివి, మరాఠీ దేశమున పట్టము పొందిరి. భాష మారిన చోటనెల్ల ప్రారంభమున శ్రమ యుండును. ఆ శ్రమను పిల్లలు ఓర్చుకొనగలరు. మధ్యలో ఆగిన చదువును మరల సాగించుట మాత్రము బహు కష్టము. కొన్ని నెలల కష్టమునకు వెరచి జన్మమంతటి నష్టమును కొని తెచ్చుకొనరాదు. ప్రభుత్వములు, ధర్మసంస్థలు ఇచ్చు విద్యార్థివేతనములను గూర్చి ఉపాధ్యాయుల నడిగి తెలిసికొనుడు. అడుగుట చిన్నతనము కాదు. దివానైనవారే ఒకనాడు ఆ వేతనముపై చదివిరి.

విద్యార్థులారా! మీలో పై తరగతివారు క్రింది తరగతివారికి సాయంకాలమున ఒక గంట లెక్కలు చెప్పుడు. పాఠము చెప్పువానికి పాఠము రెండుమారులు వచ్చును. బెంగుళూరున పరుల యింట పిల్లలకు చదువు చెప్పుచు తన చదువును నిలుపుకొన్న ఆ బాలుని స్మరించుటకు ఇంతకన్న మంచి మార్గము లేదు. పుస్తకము కొనలేని సహపాఠికి మీ పుస్తకమును చదువుకొన నిండు. వాటర్స్ దొర తన నిఘంటువు నిచ్చినప్పుడు దానివలన ఎన్ని ఆనకట్టలు లేచునో ఎరిగి యిచ్చియుండడు. చదువుకొను బాలునకు అది అవసరమని మాత్రమే యిచ్చియుండును.